ఊరి పేరు మింగేస్తున్నాం

హైదరాబాద్‌లో చదువుకునే మన పిల్లల్ని ‘‘మీదే ఊరు?’’ అని ఎవరైనా అడిగినప్పుడు వాళ్లు చెప్పే జవాబు ఎప్పుడైనా జాగ్రత్తగా విన్నారా? ముందు ‘‘ఖమ్మం’’ అంటారు. అడిగినవాళ్లకు ఖమ్మం తెలిసి ‘‘ఖమ్మంలో ఎక్కడ?’’ అంటే ‘‘సత్తుపల్లి సైడు’’ అంటారు. అక్కడా వదలకపోతే ‘‘అశ్వారావుపేట దగ్గర’’ అంటారు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే తప్ప దమ్మపేట అనే మాట బయటికి రాదు. దమ్మపేట దాటి సొంత గూడెం పేరు దాకా వెళ్లిన సంభాషణ మేము ఇంతవరకు వినలేదు.

ఇందులో ఇంకో వింత ఉంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక దమ్మపేట ఖమ్మం జిల్లాలో లేనే లేదు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. ఆ తర్వాత బడిలో చేరిన పిల్లలు కూడా ఇప్పుడు ‘‘ఖమ్మం’’ అనే చెబుతున్నారు. అంటే ఇది అలవాటుగా నోట్లోంచి జారిన పాత జిల్లా పేరు కాదు. అడ్డం పెట్టుకున్న తెర.

ఎవరినో తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. మేమూ ఇదే చేశాం. మాలో ఒకరు ఇంటర్మీడియట్ చదవడానికి నగరానికి వెళ్లిన మొదటి వారంలో, తరగతిలో పరిచయాలు జరుగుతుంటే ఉన్నది ఉన్నట్టే చెప్పారు: దమ్మపేట మండలం, కోయ అని. పాఠం చెప్పే సారు నవ్వుతూ ‘‘అయితే మూలికలు తెచ్చావా, చెయ్యి చూసి జాతకం చెబుతావా?’’ అన్నారు. తరగతి అంతా నవ్వింది. ఆ సారు చెడ్డ మనిషేమీ కాదు, ఆ తర్వాత ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు ఆయనే సాయం చేశారు. కానీ ఆ రోజుతో మా మిత్రుడి ఊరు ఖమ్మం అయిపోయింది. చదువు పూర్తయ్యేదాకా అలాగే ఉండిపోయింది.

తెలుగు సినిమాల్లో, హాస్య నాటికల్లో నెమలి ఈకలు పెట్టుకుని, పూసలు వేసుకుని, అర్థంలేని కూతలు కూసే ‘కోయదొర’ను చూసి చూసి ఆ సారుకు ఆ మాట వచ్చింది. పట్నాల్లో వీధివీధి తిరిగి మూలికలు అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు అది. మన గూడేల్లో అలాంటి వేషం వేసే మనిషి ఒక్కడూ కనిపించడు. అయినా మనం బయటికి వెళ్లేసరికి ఆ వేషం మనకంటే ముందే అక్కడికి చేరి కూర్చుని ఉంటుంది.

ఊరంటే గర్వం ఎందుకు లేదని మన యువకుల్ని అడిగితే ఎక్కువమంది చెప్పేది వేరే కారణం. ‘‘అక్కడ ఏముందని చెప్పుకోవాలి?’’ అంటారు. పెద్ద జబ్బు చేస్తే ఖమ్మం పరిగెత్తాలి. పెద్ద చదువుకు బయటికి పోవాలి. సాయంత్రం దాటితే గూడేనికి బస్సు ఉండదు. వానాకాలంలో వాగు పొంగితే అవతలివాళ్లు అవతలే. ఇవన్నీ నిజాలే, ఒక్కటీ కొట్టిపారేయం. కానీ సౌకర్యాలు లేకపోవడమే కారణమైతే మేడారం మాటేమిటి? సమ్మక్క సారలమ్మల గద్దెలున్న ఆ ఊరు రెండేళ్లకోసారి జాతర జరిగే రోజుల్లో తప్ప మిగతా కాలమంతా ఒక చిన్న అడవి పల్లె. మేడారంలో పుట్టిన కోయ పిల్లవాడు తన ఊరు వరంగల్ అని చెప్పుకుంటాడా? కుమ్రం భీం నేలకొరిగిన జోడేఘాట్ ఇంకా లోపల, కొండల మధ్య ఉంది. జోడేఘాట్ పేరు చెప్పడానికి గోండులు వెనకాడరు. ఆ మాటకొస్తే గోదావరి పెరిగిన ప్రతిసారీ భద్రాచలంలో లోతట్టు కాలనీలవాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అయినా ‘‘మా భద్రాచలం’’ అనడంలో వాళ్ల గొంతు తగ్గదు.

కాబట్టి రోడ్డు, ఆసుపత్రి, కాలేజీ లెక్క ఒక్కటే సరిపోదు. మేడారానికి, జోడేఘాట్‌కు ఉన్నదీ దమ్మపేటకు లేనిదీ ఒకటుంది: మనవాళ్లు చెప్పిన కథ. అక్కడ ఊరి పేరు పలికితే మన మనుషులు గుర్తుకొస్తారు. దమ్మపేట పేరు పలికితే ఎవరు గుర్తుకొస్తున్నారు?

మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒకసారి చదవండి. అశ్వారావుపేట: పాల్వంచ సంస్థానం ఏలిన అశ్వారావుల పేరు. అప్పారావుపేట: ఎవరో ఒక అప్పారావు పేరు. పట్వారిగూడెం మరీ విడ్డూరం. ‘గూడెం’ మనది, దాని ముందు కూర్చున్నది పట్వారి. అంటే భూమి లెక్కలు రాసే ఉద్యోగి పేరు గూడేనికి పేరైంది. గూడెంలో పెద్దమనిషి పటేల్ ఉంటాడు, పూజ చేసే పెర్మ ఉంటాడు, పేరు మాత్రం దస్త్రం రాసేవాడిది. పేర్లు పెట్టినవాళ్లు పేర్లతో పాటు కథ కూడా తమదే పెట్టారు. సంస్థానం, జమీందారు, రెవెన్యూ, మండలం, జిల్లా – ఈ వరసలో చెప్పే చరిత్రలో మన చోటు శిస్తు కట్టినవాళ్లుగానో వెట్టి చేసినవాళ్లుగానో మిగిలింది. నిజాం కాలంలో వరంగల్ జిల్లా, 1953లో ఖమ్మం జిల్లా, 1956లో ఆంధ్రప్రదేశ్, 1985లో మండలాలు, 2014లో తెలంగాణ, 2016లో మళ్లీ కొత్త జిల్లా. మన ముత్తాతలు కూర్చున్న చెట్టుకింది నుంచి కదలకుండానే మన చిరునామా ఇన్నిసార్లు మారింది. 2014లోనైతే కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, అక్కడికి పిల్లనిచ్చిన ఇళ్లవాళ్లకు రాత్రికి రాత్రి వియ్యంకులు పక్క రాష్ట్రంవాళ్లయిపోయారు. ఎన్నిసార్లు మార్చినా ఎవరూ మనల్ని అడగలేదు. అడగకుండా ఎవరో రాసే చిరునామాను గర్వంగా చెప్పుకోమంటే ఏ మనిషికైనా కష్టమే.

ముష్టిబండ సంగతి చెప్పకుండా ఈ పేర్ల మాట ముగించలేం. మన మండలంలోనే ఉంది. ఆ ఊరి పిల్లలు హాస్టల్లో పడే బాధ అంతా ఇంతా కాదు. ‘‘ముష్టి ఎత్తుకునే ఊరా?’’ అని ఎగతాళి. ముష్టి మన అడవిలో ఒక చెట్టు. నున్నటి కాయ, లోపల బొత్తాల్లాంటి గింజలు. చేదంటే చేదు, విషం. ఆ గింజలను మందులవాళ్లు కొంటారు, గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో ముష్టి గింజలు కూడా ఉండేవి. అడవి తెలిసినవాళ్లకు ముష్టి అంటే ముందు ఆ చెట్టు గుర్తుకొస్తుంది. అడవి తెలియనివాళ్లకు చాచిన చెయ్యి గుర్తుకొస్తుంది. ఇద్దరూ పలికింది ఒకే మాట. మన బాధల్లా ఏమిటంటే, మన పిల్లవాడు కూడా రెండో అర్థాన్నే నమ్మి తల దించుకుంటున్నాడు. ‘‘అది చెట్టు పేరురా’’ అని తిరిగి చెప్పడానికి వాడికి ఆ చెట్టును ఎవరూ చూపించలేదు.

ఇక్కడే భద్రాచలం ప్రస్తావన తేవాలి, ఎందుకంటే మన పిల్లలు బడిలో చదివే ప్రాంతీయ చరిత్ర అంతా అక్కడే మొదలై అక్కడే ఆగుతుంది. కంచర్ల గోపన్న పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడు, గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడు, రామదాసుగా పేరు పొందాడు. ఇది ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చు. ఆ శిస్తు ఎవరు కట్టారు? పాల్వంచ పరగణా అంటే ఈ అడవులే, ఈ గూడేలే, ఈ పోడు చేలే. ఆ ప్రశ్న ఏ పాఠం చివరా ఉండదు. గోపన్న కంటే ముందు ఆ విగ్రహాలను పుట్టలో చూసి, పందిరి వేసి పూజించిన ఆదివాసీ స్త్రీ పోకల దమ్మక్క కథ కూడా స్థలపురాణంలో ఉంది. ఆమె పేరు మీద ఏటా సేవాయాత్ర కూడా జరుపుతున్నారు. కథలో ఆమె భాగం ఎంత? విగ్రహాలు చూపించడం వరకే. ఆ తర్వాత గుడి, నగలు, పాటలు, పేరు అన్నీ మరొకరివి. మన ప్రాంతంలో మనవాళ్లకు దొరికే పాత్ర తరచూ ఇదే, దారి చూపించి పక్కకు తప్పుకోవడం.

దమ్మక్క, దమ్మపేట అని పేర్లు కలిసేసరికి కొందరు యువకులు ఉత్సాహపడతారని మాకు తెలుసు. ‘‘మన ఊరికి ఆమె పేరే’’ అని అప్పుడే మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. తొందరపడకండి. పేర్లు కలిసినంత మాత్రాన చరిత్ర పుట్టదు. గర్వం కావాలని చరిత్ర అల్లేపని ఇతరులు చాలా చేశారు, మనకా అలవాటు వద్దు. అల్లాల్సిన అవసరం కూడా లేదు. మన దగ్గర ఉన్నదే మనం ఇంకా విప్పి చూడలేదు.

మన దగ్గర ఉన్నది అంటే ఏమిటో చెబుతాం. కోయల్లో డోలి కట్టేవాళ్ల పని ఏమిటి? డోలు వాయిస్తూ, వేల్పుల పడిగె ఎదురుగా పెట్టుకుని, ఏ గట్టువాళ్లు ఎక్కడ పుట్టారు, ఏ వాగు దాటారు, ఏ గుట్ట దగ్గర ఆగారు, వాళ్ల వేల్పు ఎక్కడ కొలువైంది అని రాత్రంతా కోయ మాటలో చెప్పడం. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ప్రతి గట్టుకూ ఒక దారి ఉంది, ఆ దారి పొడవునా ఊళ్లున్నాయి. ఊరి పేర్లు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న కళాకారులు ఉన్న జాతి మనది. పడిగె అంటే గుడ్డమీద గీసిన మన భూగోళ పాఠం. అలాంటి జాతి పిల్లవాడు ‘‘మీదే ఊరు’’ అంటే నీళ్లు నములుతున్నాడు. ఎంత దూరం జరిగొచ్చామో చూడండి.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు అలా చెప్పే పెద్దల్లో ఒకరు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ వీరుల కథలు ఆయన నోట ఉండేవి. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించేదాకా ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? నిజాయితీగా చెప్పాలంటే మాలోనూ చాలామందికి తెలియదు. ఢిల్లీ పిలిచాక మనకూ వినపడింది. ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయనలాంటి పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లు చెప్పే కథల్లో మన మండలం గుట్టలూ వాగులూ ఏ పేర్లతో ఉన్నాయో ఎవరైనా కూర్చుని రాసుకున్నారా? ఫోన్లో రికార్డు చేయడానికి ఒక్క రాత్రి చాలు. ఆ రాత్రి డీజే పెట్టుకుంటున్నాం.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. దమ్మపేట పేరును గర్వంగా చెప్పుకునేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కోస్తా జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు చెప్పుకుంటారు. ‘‘మా దమ్మపేట’’ అనే మాట మేము ఎక్కువగా విన్నది వాళ్ల నోటనే. ఆయిల్‌పామ్‌కు ఈ మండలం పెట్టింది పేరు. అశ్వారావుపేటలోనూ మన మండలంలోని అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. ఎకరానికి 57 మొక్కలు, నాలుగో ఏడు నుంచి గెలలు, పాతికేళ్లకు పైగా కాపు. మధ్యలో కోకో. ఇతర జిల్లాల రైతులు బస్సులు కట్టుకుని వచ్చి చూసి వెళతారు. వాళ్ల గర్వం మీద మాకు అభ్యంతరం లేదు, కష్టపడి తోటలు పెంచారు. మనవాళ్లలో కూడా ఆయిల్‌పామ్ వేసి నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ తోటల్లో పొడుగాటి గడకు కట్టిన కత్తితో గెల కోసేవాడు ఎవరు, కింద రాలిన పండ్లు ఏరే ఆమె ఎవరు అని చూస్తే గర్వం ఒకరికీ కూలి ఒకరికీ ఎలా పంచుకున్నామో తెలుస్తుంది. ఆ తోట ఉన్న నేల తన తాతదని ఇంట్లో విన్న పిల్లవాడు, అదే తోటలో సెలవుల్లో కూలికి వెళ్లి వచ్చి, ‘‘మా ఊరు ఆయిల్‌పామ్‌కు ప్రసిద్ధి’’ అని వ్యాసం రాయాలంటే వాడి చెయ్యి ఎలా ఆడుతుంది?

చట్టం ఈ విషయంలో మనకంటే ధైర్యంగా మాట్లాడింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో తెచ్చిన సవరణ, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. అంటే చట్టం దృష్టిలో ఈ నేలకు మొదటి మనిషి మనమే. ఆ మొదటి మనిషి బస్టాండులో నిలబడి ‘‘మాది ఖమ్మం సైడు’’ అంటున్నాడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. నొచ్చుకోవద్దు, మాలోనూ సగంమంది ఉపాధ్యాయులమే. ‘‘ఏజెన్సీకి వేశారు’’ అనే మాటను మనం ఏ గొంతుతో అంటామో పిల్లలు వింటారు. బదిలీల సమయంలో స్టాఫ్ రూమ్‌లో జరిగే మాటలకు తలుపులుండవు. ఎవరికైనా శిక్ష పడితే ఇక్కడికి పంపుతారు, మంచి చేసుకుంటే ఇక్కడి నుంచి బయటపడతారు, ఈ లెక్క ఐదో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది. సాయంత్రం నాలుగు కొట్టగానే సత్తుపల్లి బండెక్కే సారు ‘మాతృభూమి’ పాఠం చెబితే దానిలో పిల్లలకు వినపడేది ఆ బండి చప్పుడే. అందరూ అలా లేరు. గూడెంలో ఇల్లు తీసుకుని ఉన్నవాళ్లూ మాకు తెలుసు. వాళ్ల బడిలో పిల్లలు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

భాష సంగతీ అంతే. కొత్తగా బడికి వచ్చిన కోయ పిల్ల ‘‘ఏర్’’ అంటే నీళ్లు కావాలని. కోయ తెలియని టీచరుకు ‘ఏరు’ వినపడుతుంది. ‘‘ఏటికి వెళతావా, కూర్చో’’ అని గదమాయిస్తారు. దాహం వేసిన పిల్ల కూర్చుంటుంది. తన ఊళ్లో, తన బడిలో, తన మాటకు నీళ్లు పుట్టలేదని ఆ పిల్ల ఆ రోజే నేర్చుకుంటుంది. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. పుస్తకాలు వచ్చాయి. తర్వాత ఆ పుస్తకాలు ఎన్ని బడుల్లో బీరువా దాటి బయటికి వచ్చాయో ఉపాధ్యాయులకే ఎక్కువ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తీర్పు మీద మనం ధర్నాలు చేశాం, చేయాల్సిందే. అయితే అప్పుడు ఒక తమాషా చూశాం. ‘ఏజెన్సీ స్థానికత’ ధ్రువపత్రం కోసం తహసీలు ఆఫీసు ముందు బారులు తీరినవాళ్లలో, సిటీలో ఖమ్మంవాళ్లుగా బతికిన మన మిత్రులు చాలామంది కనిపించారు. కాగితం మీద గూడెం పేరు అక్షరం తప్పకుండా ఉండాలని క్లర్కుతో తగువు పడ్డారు. కాగితానికి ఊరు కావాలి, పరిచయానికి ఊరు వద్దు. మాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ బారులో మేమూ ఉన్నాం.

మా రాతల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇలాంటి పుస్తకాల్లో మేము ఇంతకుముందు రాసినవి తిరగేసి చూశాం. అడవి తల్లి ఉంది, ఇప్పపువ్వు ఉంది, రేల పాట ఉంది, జీలుగు చెట్టు ఉంది, ఉద్యమం ఉంది. దమ్మపేట సెంటర్ లేదు. హోటల్ దగ్గర తెల్లారుజామున కూలి బండి కోసం నిలబడే ఆడవాళ్లు లేరు. సెల్ రీచార్జి కొట్టు పెట్టిన కోయ కుర్రాడు లేడు. మీసేవ దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు తప్పు పడిందని మూడోసారి వచ్చిన ముసలాయన లేడు. పూసుకుంట కొండరెడ్లు వెదురుతో అల్లే బుట్టల గురించి రాశాం గానీ, అవి అమ్ముకోవడానికి వాళ్లు బజారుకు వచ్చినప్పుడు బేరం ఎలా సాగుతుందో రాయలేదు. ఎందుకంటే పేట మనది కాదని మేమూ ఒప్పేసుకున్నాం. గూడెం మనది, పేట వాళ్లది. అడవి మనది, బజారు వాళ్లది. సభలకు మంత్రులొస్తే కొమ్ము నృత్యానికి పిలుస్తారు, అప్పుడు ఆ పేట నడిబొడ్డున మనం ఉంటాం, తలకు కొమ్ములతో. వేషం విప్పగానే పక్కకు తప్పుకుంటాం. మేము రాసిన వ్యాసాలు కూడా ఆ వేషంలోనే ఉండిపోయాయని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకొకటి కూడా ఉంది, రాయకపోతే అబద్ధమవుతుంది. 2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని ఇటు వచ్చిన గుత్తికోయలను మనవాళ్లే ఏమంటున్నారో విన్నాం. ‘‘మాటరానివాళ్లు, అడవి మనుషులు’’ అంటున్నారు. ఆ సారు మన మిత్రుణ్ని అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? పైగా మిరపకాయలు కోయడానికి వచ్చిన గుత్తికోయ మనిషిని ‘‘నీ నార్ ఏది?’’ అని అడిగి చూడండి. నార్ అంటే ఊరు, ఆ మాట వాళ్లకూ మనకూ ఒకటే. ఆయన ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరి పేరు తడుముకోకుండా చెబుతాడు. తన గుడిసె ఉన్న చోటుకు పట్టా లేదు, రేషన్ కార్డు లేదు, ఊరు మాత్రం ఉంది. అన్నీ ఉన్న మనకు అదే లేకుండా పోతోంది.

పేరు చెప్పకపోతే ఏం పోతుంది, పొట్టకూటి కోసం ఒక మాట మార్చుకున్నాం అని అనేవాళ్లకు మేము చెప్పేది ఇది. 1996 నాటి పెసా చట్టం ఊరికి ఇచ్చిన నిర్వచనం చదవండి. ఊరంటే రెవెన్యూ సర్వే నంబర్లు కాదు, తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు తామే చూసుకునే సమూహం ఉండే నివాసం అంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో పోడు భూమి దరఖాస్తు మొదట వెళ్లాల్సింది గ్రామసభకే. ఈ రెండు చట్టాలూ నిలబడేది ‘ఇది మా ఊరు’ అనుకునే మనుషుల మీద. ఆ మాట అనుకోని ఊళ్లో గ్రామసభ ఎలా జరుగుతుందో మేము చూశాం. దండోరా వేశారు, కుర్చీలు వేశారు, చదువుకున్న పిల్లలు ఒక్కరూ రాలేదు. ‘‘మనకెందుకు, రేపో మాపో హైదరాబాద్ పోయేవాళ్లం’’ అన్నారు. తీర్మానం ముందే టైపు చేసి తెచ్చారు. వచ్చిన నలుగురు ముసలివాళ్లు వేలిముద్రలు వేశారు. అందులో ఏముందో తర్వాత ఎవరో చదివి చెబితే తెలిసింది. అప్పటికి వేలిముద్రల సిరా కూడా ఆరిపోయింది.

కిందటేడు మాలో ఒక ఉపాధ్యాయురాలు తన ఎనిమిదో తరగతి పిల్లలకు చిన్న పని అప్పజెప్పారు. ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో ఉన్న ప్రతి చోటికీ ఇంట్లోవాళ్లు ఏమని పిలుస్తారో అడిగి రాసుకుని, పటం గీసుకుని రమ్మన్నారు. రెవెన్యూ పటంలో ఉన్నవి వద్దు, అవ్వ చెప్పినవే కావాలన్నారు. మొదట పిల్లలు గొణిగారు, ‘‘మా దారిలో ఏమీ లేవు మేడం, అడవే’’ అన్నారు. మూడు రోజుల తర్వాత ఒక్కొక్కరే తెచ్చారు. పులి నీళ్లు తాగిన మడుగు, ఫలానా ముసలాయన పడిపోయిన బండ, వేల్పుకు మొక్కే ఇప్పచెట్టు, పెళ్లివాళ్లు దిగే రేవు, అటవీశాఖవాళ్లు ఇల్లు పీకేసిన చోటు, మొదటి బడి నడిచిన పాక. అన్నీ కోయ పేర్లతో, తెలుగు అక్షరాల్లో. నాలుగు కిలోమీటర్ల దారి రాసిన ఒక అమ్మాయికి కాగితం చాలక, అన్నం ముద్దతో రెండో కాగితం అతికించుకుని వచ్చింది. పేర్లు చదువుతుంటే పక్క బెంచీలోని అబ్బాయి లేచి, ఆ మడుగు పేరు అది కాదు, మా తాత ఇంకోలా చెప్పాడు అన్నాడు. ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.